సుద్దతో రాసిన రూలు

టైలరు షాపులో మిషన్‌కి ఎదురుగా గోడమీద ఒక బోర్డు ఉంది. నల్ల చెక్క, పసుపు అక్షరాలు. కొత్తగా వచ్చినవాళ్ళు కుట్టుకూలి రేట్లేమో అనుకుని చదవబోయి తెల్లమొహం వేస్తారు. "పాచిక అందరి కళ్ళముందే పడాలి. చచ్చినవాడు చచ్చినట్టే. కథ పూర్తయ్యేదాకా వాడికి బల్ల దగ్గర చోటు లేదు" అని ఉంటుంది దానిమీద.

అవి ఆట రూళ్ళు. రాసింది టైలరు వాళ్ళన్న. ఊళ్ళో సగం షాపుల పేర్లు ఆయన చేతి రాతే. అందరూ రంగులాయన అంటారు. సెలవురోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి, గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. టైలరు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు దొంగ అనో మాంత్రికుడనో వేషం ఎంచుకుని, ఆ కథలోకి దిగి, అడవులు దాటి భూతాలతో కొట్లాడతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. మనుషులకి బదులు గుండీలు. దేశానికి బదులు గుడ్డమీద రంగులాయన వేసిన పటం. కొండలు, కొండల వెనక ఎడారి, దాని వెనక సముద్రం.

ఆటకి అచ్చు పుస్తకం ఒకటి ఉంది గానీ అది ఆయనకి నచ్చలేదు. "చచ్చినవాణ్ణి పేజీ తిప్పేలోగా లేపేస్తున్నారు ఇందులో. ఇంక భయమెందుకు? భయం లేకపోతే ఆటెందుకు?" అని సొంత రూళ్ళు రాసుకున్నాడు. చెరిపేసే వీలు లేకుండా పెయింటుతో రాశాడు.

ఆ తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది. మాట పోయింది. గది తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"వదినా, అన్నని ఒక్కసారి షాపుకి తీసుకురా" అన్నాడు టైలరు.

"వచ్చి ఏం చేస్తారు అబ్బాయ్? మాట లేదు, చెయ్యి లేదు."

"దానికి నేను రూలు రాస్తాగా."

బోర్డు కింద ఖాళీ గోడమీద గుడ్డలు గీసే సుద్దతో రాశాడు. మాంత్రికుడు మంత్రం నోటితో చదవక్కర్లేదు, ఎడంచెయ్యి ఎత్తితే చాలు. ఔనంటే బల్లమీద ఒకసారి కొట్టాలి, కాదంటే రెండుసార్లు.

అన్న వచ్చాడు. నల్లగుండీ ఏరుకుని మాంత్రికుడయ్యాడు. వారంలో గది దాటి ఆయన బయటికొచ్చేది ఆ ఒక్క పూటే.

అక్కడ పట్టుకుంది టైలరుకి బెంగ. నల్లగుండీ చస్తే పెయింటు రూలు ప్రకారం అన్నకి చోటు పోతుంది. చోటు పోతే మళ్ళీ గది, గోడ. రెండుమూడు రోజులు మిషన్ తొక్కుతూ అదే ఆలోచించి, సుద్దతోనే ఇంకో రూలు రాశాడు. మాటలేని మాంత్రికుణ్ణి ఏ భూతమూ చూడదు.

బస్సు కండక్టరు ఆటలో దొంగ. చదివి మెచ్చుకున్నాడు. "బాగుంది టైలరూ. నా దొంగకి కూడా ఇలాంటి పాస్ ఒకటి ఇప్పించరాదూ? రోజూ తన్నులు తినలేక చస్తున్నాడు."

భూతాలు వచ్చేవి. దొంగని కొరికేవి, గిచ్చేవి. నల్లగుండీ పక్కనుంచి గాలిలా పోయేవి. మొదట్లో అన్న చెయ్యి ఎత్తి మంత్రాలు వేసేవాడు. పోనుపోను చెయ్యి లేవడం తగ్గింది. షట్టరు కిందనుంచి పోయే కాళ్ళని చూస్తూ కూర్చునేవాడు. టీ వస్తే కండక్టరు వదినని అడిగేవాడు, "అన్నకి పొయ్యనా వదినా?" అని. వదిన చెప్పేది. బల్లమీద అన్న ఎడంచెయ్యి ఊరికే ఉండేది.

కొండదారిలో డ్రాగన్ ఎదురైంది. టైలరు పెద్ద కత్తెర నోరు తెరిచి పటంమీద పెట్టాడు.

"వామ్మో, నేను చెట్టెక్కేశా" అన్నాడు కండక్టరు, తన గుండీని వెనక్కి లాక్కుంటూ.

అన్న నల్లగుండీని వేలితో నెట్టాడు. తీసుకెళ్ళి కత్తెర రెండు అలుగుల మధ్య పెట్టాడు.

"డ్రాగన్ నిన్ను చూడలేదన్నా. నీ పక్కనుంచే వెళ్ళిపోయింది" అన్నాడు టైలరు.

రెండుసార్లు కొట్టాడు అన్న.

"రూలు ఉందిగా అన్నా."

మళ్ళీ రెండుసార్లు. టీ గ్లాసు ఎగిరి పడింది. సగం మొహం కదలదు, మిగిలిన సగం ఎర్రబడింది.

మూల స్టూలుమీద కూర్చుని అంచు కుడుతున్న వదిన సూది ఆపింది. "నిన్న ఇంటికి మనుషులొచ్చారు అబ్బాయ్. ఈయన ఎదురుగానే కూర్చున్నారు. ఈయనకెలా ఉందని నన్నడిగి, నాతోనే మాట్లాడి లేచిపోయారు. నేనూ అంతేలే, టీ కావాలా అని అడిగి ఎన్నాళ్ళయిందో." దారం తెంపింది. "ఆ కత్తెరకైనా కనపడనివ్వు."

టైలరు లేచి మోచేత్తో ఆ రూలు చెరిపేశాడు. చొక్కా చెయ్యి తెల్లగా అయింది. వచ్చి కూర్చుని పాచిక చేతిలోకి తీసుకున్నాడు.

"పడిందంటే చావే. బోర్డు రాసింది నువ్వే. ఆలోచించుకో అన్నా."

ఒకసారి కొట్టాడు.

టైలరు పాచిక వేశాడు. అది బల్లంతా దొర్లి సుద్దముక్క పక్కన ఆగింది. పెద్ద అంకె, డ్రాగన్ దెబ్బ తగిలినట్టే. దాచడానికి లేదు.

"బల్ల వంకరగా ఉంది, ఇది చెల్లదు, మళ్ళీ వెయ్యి" అన్నాడు కండక్టరు గబగబా.

అన్న రెండుసార్లు కొట్టాడు. కత్తెర మధ్యనుంచి నల్లగుండీ తనే తీశాడు. తనే డబ్బాలో వేశాడు. మూత ఒంటిచేత్తో పడటం లేదు. వదిన చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. చాలాసేపటికి మూత పడింది. ఆయన మొహంలో కదిలే సగం కాస్త నవ్వింది.

తర్వాతి సెలవురోజు ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కాళ్ళు వాస్తున్నాయని, ముద్ద సరిగా దిగడం లేదని వదిన చెప్పింది. టైలరు కథని తరమడం మొదలుపెట్టాడు. కథ అయిపోతే అన్నకి కొత్త గుండీ ఇవ్వొచ్చు. ఒక్క పూటలో డ్రాగన్‌ని చంపించేశాడు.

"ఏంటి తొందర, లాస్ట్ బస్సా?" అన్నాడు కండక్టరు. అని అన్న ఖాళీ కుర్చీవైపు చూసి తన గుండీని ముందుకి జరిపాడు.

ఆ సాయంత్రం టైలరు గుండీల డబ్బా పట్టుకుని అన్న గదికి వెళ్ళాడు. "అన్నా, కథ అయిపోయింది. డ్రాగన్ చచ్చింది. కొత్తగుండీ ఏరుకో."

అన్న తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూశాడు. ఆ పటం వేసింది ఆయనే. కొండల వెనక ఎడారి ఉందని, దాని వెనక సముద్రం ఉందని ఆయనకి తెలుసు. కథ ఇంకా అక్కడికి చేరనే లేదు.

మంచం పట్టెమీద రెండుసార్లు కొట్టాడు. మెల్లిగా, గట్టిగా కొట్టే బలం లేక. మళ్ళీ గోడవైపు తిరిగాడు.

తర్వాతి సెలవురోజు షట్టరు సగం దించి టైలరు పటం పరిచాడు. కత్తెర తెచ్చి నోరు తెరిచి కొండదారిలో పెట్టాడు.

"ఇది చచ్చిందిగా?" అన్నాడు కండక్టరు.

"చావలేదు. నేను తప్పు ఆడించాను."

కండక్టరు కాసేపు పటం చూశాడు. కొండ మధ్యనుంచి సముద్రానికి ఒక అడ్డదారి, చుట్టూ తిరిగి ఎడారిమీదుగా ఇంకో దారి. "ఎటు పొమ్మంటావ్?"

"నీ ఇష్టం. నేను చెప్పకూడదు."

కండక్టరు తన గుండీని చుట్టుదారిలో పెట్టాడు. టైలరు ఖాళీ కుర్చీని బల్లకి కాస్త దగ్గరగా జరిపి, పాచిక అందుకున్నాడు.