ఐదు దాకా ఉండొచ్చు

కాలుష్య నియంత్రణ కార్యాలయంలో నీళ్ల పరీక్షలు చేసే ఆవిడని అందరూ ల్యాబ్ మేడమ్ అనేవారు. విదేశీ కంపెనీ పెట్టిన తోళ్ల ఫ్యాక్టరీ పక్క కాలువలోంచి తెచ్చిన నీటిని ఆ రోజు ఆమె మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల క్రోమియం ఉన్నట్టే తేలింది. నిబంధన ప్రకారం రెండు దాటకూడదు.

పై అధికారి పిలిపించాడు.

"ఇంకోసారి చూడండమ్మా. ఈసారి వంతెనకి ఎగువ నీళ్లు పట్టిద్దాం."

"ఎగువన ఫ్యాక్టరీయే లేదు కదండీ."

ఆయన గొంతు తగ్గించాడు. "రెండో యూనిట్ ఇక్కడ పెట్టాలా, పక్క దేశానికి పోవాలా అని చూస్తున్నారు వాళ్లు. పైనుంచి ఒకటే ఫోన్లు. అయినా మీ తమ్ముడూ అక్కడేగా చేసేది?"

ఆమెకి మనసు చివుక్కుమంది. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాక దొరికిన ఉద్యోగం తమ్ముడిది. అయినా అంకె మార్చడానికి ససేమిరా అంది. నాలుగనే రాసి సంతకం పెట్టింది.

బదిలీ ఖాయమని ఆఫీసంతా గుసగుసలు. ఆమె కూడా మనసు దిటవు చేసుకుంది. బదిలీ ఉత్తర్వు రాలేదు, సర్క్యులర్ వచ్చింది. పెట్టుబడులకు వీలుగా నిబంధన సవరించారట. ఇకపై ఐదు దాకా ఉండొచ్చట.

అధికారి స్వయంగా ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "చూశారా, మీ మాటా నిలబడింది, వాళ్ల పనీ అయింది."

ఆమె సర్క్యులర్ మడిచి సొరుగులో పడేసింది.

ఆదివారం తమ్ముడింటికి వెళ్తే వాడి మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నీ రిపోర్టు ఇంత పెద్దగా అచ్చేసి మా ఫ్యాక్టరీ గేటుకి కట్టారు! ఆ సంతకం మా అక్కదే అని అందరికీ చెప్పుకున్నా."

"నీళ్లు బాగున్నాయని నేను రాయలేదురా."

"హద్దులోనే ఉన్నాయిగా మరి?"

వాడి వేళ్ల సందుల్లో చర్మం ఊడి ఎర్రగా ఉంది. చూద్దామని చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. "కొత్తలో అందరికీ ఇంతేలే."

వంటింట్లో మరదలు బోరు నీళ్లతో పిల్ల పాలసీసా కడుగుతోంది. ఆ బోరుకీ ఫ్యాక్టరీ కాలువకీ మధ్య పట్టుమని పాతిక అడుగులు లేవు.

"ఆ నీళ్లు వాడకమ్మా. పిల్లకి అసలే వద్దు."

"అదేంటి వదినా, మీరే సంతకం పెట్టారటగా?"

"పెట్టాను. మొన్నటిదాకా ఇవే చెడ్డ నీళ్లు. కాగితం మీద హద్దు పెంచారు, అంతే."

"ఊరుకో అక్కా!" గుమ్మంలోంచి తమ్ముడు కసురుకున్నాడు. "ఈ మాట బయటికి పోతే నా ఉద్యోగం ఊడుతుంది. నీ జీతానికేం, నెలనెలా వస్తుంది."

మరదలు గిన్నెలో నీళ్లు తూములో పారబోసి, పిల్లని వదిన చేతికిచ్చి, ఖాళీ బిందె అందుకుంది.

ఆ రోజు నుంచి మరదలు రెండు వీధులవతల మున్సిపల్ కుళాయి దగ్గర క్యూలో నిలబడి నీళ్లు తెచ్చుకుంటోంది. తమ్ముడు అక్కతో మాట్లాడి నెల దాటింది.