ఇద్దరు తెచ్చిన ర్యామ్

కంప్యూటర్‌కి ర్యామ్ చాలకపోతే షాపుకెళ్ళి కొనుక్కోవాలి, అంతే కదా. బొలీవియాలో, మా ఎల్ ఆల్టో ఊళ్ళో అంత తేలిగ్గా తెమలదు. పెళ్ళికి ఒక పద్రీనో, కేకుకి ఒక పద్రీనో, బ్యాండుకి ఒక పద్రీనో, చివరికి ఇంటి పైకప్పుకీ ఒక పద్రీనో ఉండాలి. పెద్ద దిక్కుగా నిలబడి ఆ వస్తువు తనే తెచ్చిపెట్టేవాడన్నమాట. అన్నీ సొంతంగా కొనుక్కుంటే, పాపం దీనికి నా అన్నవాళ్ళెవరూ లేరు కాబోలని జాలిపడతారు.

నేనూ మా ఆయన ఫ్రెడీ పెళ్ళిళ్ళకీ పండగలకీ వీడియోలు తీస్తాం. ఆయన కెమెరా పట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు, నేను ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ చేస్తాను. ఈ మధ్య పెళ్ళికూతురు కేకు కోసే దగ్గరికొచ్చేసరికి కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ర్యామ్ పెంచక తప్పదని తేలింది. మా పెళ్ళి పద్రీనో దోన్ ప్లాసిదోకి ఫోన్ చేసి, "డెస్క్‌టాప్‌ది, డి.డి.ఆర్. ఫోర్, ఎనిమిది జీబీ" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

అక్కడే నా బుర్ర పనిచెయ్యలేదు. పద్రీనో అంటే ఒక్క మనిషి కాదు, జంట; ఆయన పద్రీనో అయితే ఆయన భార్య మద్రీనా. ఆ జంటేమో కార్నివాల్ పండగ నాటి నుంచి వేరుగా ఉంటోంది. ఆయన మినీబస్సు నడుపుకుంటూ తమ్ముడింట్లో, ఆయన భార్య దోన్యా బెనిగ్నా ఉన్ని కొట్టు చూసుకుంటూ పాత ఇంట్లో. ఎందుకు విడిపోయారో వీధిలో ఎవరికీ అంతుపట్టలేదు, నాకసలే అంతుపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన బీరు సీసాలతో, చేతిలో చిన్న డబ్బాతో వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో, ఆవిడ రంగుకాగితాల సంచితో, అలాంటిదే ఇంకో డబ్బాతో గుమ్మంలో నిలబడింది.

"నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు ఆయన.

"నా పిల్ల కంప్యూటర్‌కి ర్యామ్ తెచ్చా. ఊళ్ళో అందరికీ తెలిసింది, నాకు తెలియదనుకున్నావా? మద్రీనా లేకుండా ఇస్తే దాన్ని కానుక అనరయ్యా, పార్సెల్ అంటారు."

"ఎవరైనా విన్నారా ఈవిడ మాటలు!" అన్నాడాయన గోడతో.

కంప్యూటర్లో ర్యామ్ పెట్టే గాడులు రెండున్నాయి. సరే, అదృష్టం, ఇద్దరివీ పట్టేస్తాయనుకున్నాను. పాతది పీకేసి రెండూ పెట్టాను. బీప్, బీప్ అని మూలిగింది తప్ప తెర వెలగలేదు.

"ఆవిడది తీసెయ్. సంతలో ఉన్నితో పాటు తూకానికి తెచ్చుంటుంది."

తీశాను. ఆయనది ఒక్కటే ఉంటే తెర వెలిగింది.

"చూశావా!"

"నాది పెట్టవే పిల్లా," అంది బెనిగ్నా. పెట్టాను. అదీ వెలిగింది.

"చూశావా!" అంది ఆవిడ, ఆయన గొంతుతోనే.

మళ్ళీ రెండూ పెట్టాను. బీప్, బీప్. అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. రబ్బరుతో వాటి అంచున ఉన్న లోహపు కాళ్ళు రుద్దాను. ఇద్దరూ నేను చెప్పిందే తెచ్చారు, అక్షరం పొల్లు పోలేదు. విడివిడిగా రెండూ బంగారంలా ఉన్నాయి. మరి ఏదో ఒకటి చెడ్డదవ్వాలి కదా! తల గోడకేసి కొట్టుకుందామనిపించింది.

ఈ కంప్యూటర్ బిగించిన రోములో అనే కుర్రాడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి జరిగింది చెప్పాను.

"కంపెనీలు వేరైతే ఒక్కోసారి ఒకే బోర్డు మీద పొసగవు యోవానా అక్కా. ఒక్కటి ఉంచుకో. నీ పనికి చాలు."

"అది సరే, చెడ్డది ఏది?"

"ఏదీ కాదు."

"మరి తప్పెవరిది?"

"తప్పేంటక్కా?" అని నవ్వి పెట్టేశాడు.

వాడికేం, నవ్వుతాడు. సాయంత్రం వీధంతా వస్తుంది, నేల మీద బీరు పోసి, కంప్యూటర్ మీద రంగుకాగితాలు చల్లి దీవించడానికి. రాగానే అడిగేది ఒక్కటే, ఎవరిది ఉంచావని. ప్లాసిదోది ఉంచితే, విడిపోవడంలో తప్పు బెనిగ్నాదని తేల్చేస్తారు. ఆవిడది ఉంచితే ఆయనది. ఓడినవాళ్ళు మళ్ళీ నా గుమ్మం తొక్కరు. అమ్మ పోయాక నా పెళ్ళికి తల్లీ తండ్రీ అయి నిలబడింది వీళ్ళిద్దరే. వీళ్ళలో ఎవర్ని వదులుకోను? రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చేశాను.

"ఊరుకో పిల్లా," అంటూ బెనిగ్నా నా పక్కన కూర్చుంది. "కార్నివాల్ నుంచీ వీధంతా నన్నూ ఇదే అడుగుతోంది, తప్పెవరిదని. తాగాడా, కొట్టాడా, ఇంకో ఆడది ఉందా అని. ఏమీ లేదంటే నమ్మరు. నువ్వూ నమ్మలేదు."

నిజమే, నమ్మలేదు. ఏదో దాస్తోందనే అనుకున్నాను.

"కలిసి ఉంటే ఇద్దరికీ ఊపిరాడట్లేదు. అంతేనే. ఇంకేం చెప్పను?"

ప్లాసిదో టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. ఎప్పుడూ బస్సులో ఎవరో ఒకరి మీద అరిచే మనిషి, చాలా మెల్లిగా అడిగాడు.

"అయితే నేను చెడ్డవాణ్ణి కాదా?"

"చెడ్డవాడివని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు."

బెనిగ్నా ఆయన వైపు తిరిగింది.

"కాదు, ప్లాసిదో," అంది. "నువ్వు చెడ్డవాడివి కాదు."

ఆయన తల వంచుకుని టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను రెండిట్లో ఒకటి పెట్టి కంప్యూటర్ మూత బిగించాను. ఎవరిది పెట్టావని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.