పాత పేజీకి పోయే లింకు

"నొక్కడమే కదేటి," అంటుంది రామసుబ్బమ్మ. రోజూ అనదు. కోడలు కంప్యూటర్ ముందు గంటకు మించి కూర్చున్న రోజున అంటుంది. "వేలెట్టి నొక్కడమే కదేటి, చెమటోడ్చీ పని కాదు కదా. ఆ నొక్కుడేదో వంటయ్యాక నొక్కు."

అపర్ణ లేచి తడిబట్ట పిండి కిటికీ గట్టు తుడుస్తుంది. బచేలిలో కిటికీ గట్టు పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ఎర్రబడుతుంది. కొండ మీంచి ఇనుపరాయి దిగినంత కాలం ఈ దుమ్ము కూడా దిగుతూనే ఉంటుంది, క్వార్టర్లలో ఆడవాళ్ళు తుడుస్తూనే ఉంటారు. తుడవని రోజు వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది. తుడిచిన రోజు ఎవరూ గట్టు వైపే చూడరు. లింకుల పని కూడా ఇంతే కదా అని ఆమెకు చాలాసార్లు అనిపించింది. ఎవరితోనూ అనలేదు. ఎవరితో అంటుంది.

ఆమె పనిచేసేది పూణెలో ఒక చిన్న కంపెనీకి. ఇంట్లో 'పూణె వాళ్ళు' అంటారు. ఆఫీసుల్లో పెద్ద కంప్యూటర్ ఒకటి పెట్టి, దాని లోపల పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తారు. ఆ లోపలివాటిని వర్చువల్ మెషీన్లంటారు. ఒక్కొక్కదానికి ఒక డిస్కు. అదీ ఉత్తుత్తి డిస్కే, నిజానికి ఒక పెద్ద ఫైలు. అందులో జనం దాచుకున్న కాగితాలు మాత్రం ఉత్తుత్తివి కావు. ఆ డిస్కును పెంచడానికి, కుదించడానికి, నకలు తీయడానికి పూణె వాళ్ళు పనిముట్లు తయారుచేస్తారు. వాటిని ఎలా వాడాలో చెప్పే పేజీలు వెయ్యికి పైనే ఉన్నాయి. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి పోయే లింకులు ఎన్నో లెక్కలేదు. పేజీలు చోటు మారతాయి, కొన్ని పాతబడతాయి, కొన్ని మాయమవుతాయి. ప్రతి లింకూ తెరిచి, అది పోవలసిన చోటికే పోతోందా అని చూసి, పోకపోతే సరిచేయాలి. నాలుగేళ్ళుగా చేస్తోంది. తెగిన లింకుతో భయం లేదు. పేజీ దొరకలేదని వస్తుంది, నొక్కినవాడు ఆగిపోతాడు. చక్కగా తెరుచుకుని తప్పు దారి చూపించే లింకుంటుందే, దానితోనే భయం. అది దొరకాలంటే నొక్కితే చాలదు, చదవాలి.

పూణె వాళ్ళ దగ్గర ఆమె పేరు కిరణ్‌కుమార్.

పెళ్ళయిన కొత్తలో, డబ్బు వేయడానికి పూణె వాళ్ళు కాగితాలు అడిగినప్పుడు జరిగిన సంగతి అది. ఆమె సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఈ ఇంటిపేరు. సరిచేయించడానికి దంతెవాడకు రెండుసార్లు పోయి వచ్చారు. మూడోసారి భర్త కిరణ్‌కుమార్‌కు గనిలో సెలవు దొరకలేదు. "ఎవరి పేరైతే ఏటి? నా పాన్ కార్డుంది, నా ఫోనుంది, నా పేరెట్టీ," అన్నాడు. చెడ్డగా అనలేదు. అన్నం తింటూ, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నట్టుగా అన్నాడు. ఆమెకూ అప్పుడు అది పెద్ద సంగతిలా కనిపించలేదు.

అసలు పూణె వాళ్ళకు ఆమె మొదట రాసింది పని కోసం కాదు. పెళ్ళికి ముందు భోపాలపట్నం వైపు ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద ఆపరేటర్‌గా ఉండేది. అడవి భూముల పట్టాల కోసం ఊళ్ళవాళ్ళు తెచ్చిన కాగితాలు స్కాన్ చేసి దాచేది. ఒకరోజు సారు డిస్కు నకలు తీయమన్నాడు. పూణె వాళ్ళ పనిముట్టు పేజీ తెరిచింది, అందులో లింకు నొక్కింది, అక్కడ ఎలా ఉంటే అలా కొట్టింది. పాత పనిముట్టుకు ముందు నిండు డిస్కు పేరు, తర్వాత ఖాళీ డిస్కు పేరు చెప్పాలి. కొత్తదానికి తిరగేసి చెప్పాలి. ఆమె చేతిలో ఉన్నది కొత్తది. లింకు తీసుకుపోయింది పాత పేజీకి. ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంది. ఇక రెండూ ఖాళీయే.

"ఆడపిల్ల చేతికి మెషీన్ ఇస్తే ఇంతే," అన్నాడు సారు. ఆ మాట ఆమెకు అంతగా గుర్తులేదు. గుర్తున్నది ఆయతు అనే ముసలాయన. కాగితం మళ్ళీ తెమ్మని కబురు పెడితే, పామేడు అవతలి ఊరి నుంచి రెండు రోజులు నడిచీ జీపెక్కీ వచ్చాడు. అసలు కాగితం ఏది తాతా అంటే, చెద తిన్నది బిడ్డా, అందుకే గదా మీ డబ్బాల దాచమన్న అన్నాడు. తిట్టలేదు. కంప్యూటర్ వైపు కాసేపు చూశాడు. ఎద్దును తట్టినట్టు దాన్ని ఒకసారి చేత్తో తట్టి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే ఆమె పని పోయింది. తర్వాత పెళ్ళి. బచేలికి వచ్చాక ఒక మధ్యాహ్నం, ఆ పేజీ ఇంకా అలాగే ఉందేమోనని భర్త కంప్యూటర్‌లో తెరిచి చూసింది. అలాగే ఉంది. లింకు తప్పు, మార్చండి అని భర్త ఖాతాలోంచి రాసింది. మార్చారు. ఇంత బాగా చూశారు, మిగతావి కూడా చూస్తారా కిరణ్‌జీ అని అడిగారు. అలా మొదలైంది.

ఈ నెల మొదట్లో పూణె వాళ్ళు లింకులు చూసే యంత్రం ఒకటి తెచ్చారు. చెకర్ అంటారు. తెగిన లింకుల్ని అదే వెతికి, ఏది తెరుచుకుంటే దాన్ని తెచ్చి అతికిస్తుంది. డిస్కు నకలు తీసే పేజీలో లింకు తెగితే, అది పాత పేజీని తెచ్చి పెట్టింది. ఆ పేజీయే. చూడగానే అపర్ణ జనానికి పోకుండా పేజీని ఆపి పెట్టింది. ఈ పేజీ పాతది, పేర్ల వరుస వేరు అని కారణం రాసింది. మూడుసార్లు రాసింది. పూణెలో ఆమె పనికి పైన ఉండే దుర్గేశ్ సారు మూడుసార్లూ ఒకటే జవాబిచ్చాడు. చెకర్ ఓకే అంటోంది కదా, కిరణ్.

అదే సమయానికి పూణె వాళ్ళు పేజీల పనికి ఒక మనిషిని పర్మనెంటుగా తీసుకోవాలనుకున్నారు. కిరణ్‌నే తీసుకుందామనుకున్నారు. శుక్రవారం నాలుగు గంటలకు వీడియోలో మాట్లాడాలి, మొహం కనిపించాలి.

"'మీరు కూకోండి, నేను చెప్తా' అనాలి నువ్వు," అన్నాడు కిరణ్‌కుమార్ నవ్వుతూ. మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, గీతల చొక్కా వేసుకున్నాడు. "నేను కూకుంటాను. నువ్వు పక్కన కూకుని కాగితం మీద రాసి చూపించీ. అంతే కదా."

"ఇప్పుడన్న చెబ్దాం. నేనే చేసిన్నని," అంది అపర్ణ.

"నాలుగేళ్ళు అబద్ధం ఆడేమని చెప్దామా? నాకేటవుద్దో తెలుసా? నా నౌకరీ ఇక్కడ, నా పేరు మీద అక్కడ ఇంకో పనని మా ఆఫీసుకి తెలిస్తే?"

ఆ సంగతి ఆమెకు అంతకుముందు తట్టలేదు.

పాత క్యాలెండర్ కాగితాల వెనక రాయడానికి స్కెచ్ పెన్ను పట్టుకుని, బల్ల పక్కన ముక్కాలి పీట మీద, కెమెరాకు అందకుండా కూర్చుంది. రామసుబ్బమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది, టీవీ చూసినట్టు. దుర్గేశ్ సారు హిందీలో అడుగుతున్నాడు. అపర్ణ పెద్ద అక్షరాలతో రాస్తోంది. కిరణ్‌కుమార్ చదువుతున్నాడు. మొదటి రెండు జవాబులకు బహుత్ బఢియా అన్నాడు సారు. తన మాటలు భర్త గొంతులో వినడం ఆమెకు వింతగా ఉంది. తన చీర ఎవరో కట్టుకుని ఎదురుగా తిరుగుతున్నట్టుంది. మూడోదానికి కిరణ్‌కుమార్ కాగితం చదవడానికి బాగా పక్కకు వంగాడు.

"పక్కన ఎవరైనా ఉన్నారా కిరణ్?"

"మా మిసెస్ సార్. చాయ్ తెచ్చింది." బల్ల కింద చెయ్యి ఊపాడు, వెళ్ళమని.

చేతిలో స్కెచ్ పెన్నుంది, చాయ్ లేదు. అపర్ణ లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళాక చేయడానికి ఇంకేముంది, నిజంగానే చాయ్ పెట్టింది. పాలు పోస్తుంటే మాటలు వినిపిస్తున్నాయి. నకలు పేజీ నువ్వెందుకు ఆపావు, చెకర్ ఓకే అంటోంది, ఈ సాయంత్రం కొత్త పనిముట్టుతో పాటు పేజీలన్నీ వదలాలి, ఆ అడ్డు తీసేద్దామా అంటున్నాడు దుర్గేశ్ సారు. తర్వాత భర్త గొంతు. "ఓకే సార్. తీసేద్దాం సార్."

పాలగిన్నె చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చింది. "ఒద్దు సార్," అంది హిందీలో. "ఆ లింకు వదలొద్దు. డిస్కులు తుడిచిపెట్టుకుపోతాయి."

కిరణ్‌కుమార్ తల తిప్పలేదు. అతని మెడ మాత్రం ఎర్రబడింది. తెర మీద ముగ్గురు మనుషులు ఆమెను చూశారు. దుర్గేశ్ సారు పెద్దగా నవ్వాడు.

"అరే కిరణ్, భాభీజీకి కూడా నేర్పేశావా? భాభీజీ, మీరు చాయ్ చూసుకోండి, పొంగిపోతుంది. డిస్కులు మేం చూసుకుంటాం."

అందరూ నవ్వారు. కిరణ్‌కుమార్ అందరికంటే పెద్దగా నవ్వాడు. అతనికి నవ్వు రాలేదని ఆమె ఒక్కతెకే తెలుసు.

ఉద్యోగం ఖాయమైంది. కాగితం సోమవారం వస్తుంది. రోజూ పది గంటలకు వీడియో మీటింగు ఉంటుందట. ఆపిన పేజీని ఆరులోగా నువ్వే వదిలెయ్, కిరణ్, అని చెప్పి సారు వెళ్ళిపోయాడు.

"మీటింగుల సంగతి ఏదో చూద్దాం, షిఫ్టు మార్పించుకుంటాను," అన్నాడు కిరణ్‌కుమార్ చొక్కా గుండీలు విప్పుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "అలగ మధ్యలో వస్తారా ఎవరైనా? సరేలే. ఆరులోగా ఆ పేజీ వదిలీ. నేను జిలేబీ తెస్తాను."

"నా కొడుక్కి రెండో నౌకరీ," అంది రామసుబ్బమ్మ. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుంది, కొడుకు వచ్చాక దిష్టి తీయడానికి. "నువ్వూ సాయం చేసేవులే పిల్లా. లేదనట్లేదు."

అపర్ణ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఐదుంపావు. వదలమన్నది వదలడానికి ఒక్కసారి నొక్కితే చాలు. అత్తమ్మ అన్నది నిజమే, నొక్కడమే. వదలకుండా లింకు మార్చి, కింద గడిలో కారణం రాసి పంపినా పంపవచ్చు. అది దుర్గేశ్ సారుకే కాదు, పేజీల జట్టులో పదిమందికీ పోతుంది. కాని ఏం రాయాలి? పేజీ పాతదని రాసింది. వరుస వేరని రాసింది. అవన్నీ యంత్రం ముందు ఓడిపోయిన మాటలు. యంత్రం దగ్గర లేనిది, తన దగ్గర ఉన్నది ఒక్కటే ఉంది. ఆయతు. ఆ సంగతి కిరణ్‌కుమార్ రాయలేడు. కిరణ్‌కుమార్ ఏ ఆఫీసులోనూ పట్టా కాగితాలు దాచలేదు, పోగొట్టలేదు. అతని ఎదురుగా ఏ ముసలాయనా వచ్చి నిలబడలేదు. ఆ తప్పు తనది. ఈ ఇంట్లో పాన్ కార్డు ఆయనది, ఫోను ఆయనది, రేపటి ఉద్యోగం ఆయనది, ఆ తప్పు మాత్రం అచ్చంగా తనది. దాన్ని చెప్పుకోవాలంటే తన పేరే కావాలి. తన పేరు రాస్తే ఏమవుతుందో తెలుసు. ఖాతా ఒకరిది, పని ఇంకొకరిది అని తేలితే ఖాతా మూసేస్తామని పూణె వాళ్ళ షరతుల్లోనే ఉంది. పొద్దున లేస్తే చదవడానికి పేజీ ఉండదు. గట్లు ఉంటాయి, తుడవడానికి. ఆయన నౌకరీకి ఏమవుతుందో అదీ తెలియదు. తన వల్ల ఈ ఇంటి కూటికి దెబ్బ తగిలితే ఈ ఇంట్లో తన బతుకేమిటి? రాయకపోతే ఎక్కడో ఏ ఆఫీసులోనో, కాంట్రాక్టు మీద పనిచేసే ఏ పిల్లో సారు చెప్పాడని ఆ లింకు నొక్కుతుంది. తెరుచుకుంది కదా అని నమ్ముతుంది.

ఎటు చూసినా తనకు మిగిలేది లేదు. బయట ఖనిజం బండి పోతుంటే గోడలు సన్నగా అదిరాయి.

లింకు మార్చింది. గడిలో ఇలా రాసింది.

"ఈ పాత పేజీని నమ్మి, కొత్త పనిముట్టుతో, నిండు డిస్కు మీద ఖాళీ డిస్కు ఎక్కించినదాన్ని నేనే. పోయినవి అడవిలో బతికేవాళ్ళ భూమి కాగితాలు. చాలామందివి మళ్ళీ దొరకలేదు. చెకర్‌కు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఇందాక గుమ్మంలో నిలబడి ఒద్దన్నది నేనే. ఈ నాలుగేళ్ళూ ఇక్కడ లింకులు చూసింది నేనే. మా ఆయన తన పేరు ఇచ్చాడు, అంతకు మించి ఆయన తప్పు లేదు. నా పేరు అపర్ణ."

పంపింది. లేచి వెళ్ళి చపాతీ పిండి కలపడం మొదలుపెట్టింది.

కిరణ్‌కుమార్ జిలేబీ పొట్లంతో వచ్చాడు. చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది. "పూణె," అన్నాడు తల్లి వైపు చూసి కన్నెగరేస్తూ. "ఎస్ సార్!"

వింటున్నాడు. "ఎస్ సార్," అన్నాడు ఇంకోసారి, గొంతు దిగింది.

"ఏటంట్రా?" అంది రామసుబ్బమ్మ, ఉప్పు గుప్పిట అలాగే ఉంచి.

అతను వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అపర్ణను చూశాడు. కోపమో భయమో ఆ మొహంలో ఇంకా కుదురుకోలేదు. ఫోను ముందుకు చాపాడు.

"నీకంట."

నాలుగేళ్ళలో ఆమె కోసమని పూణె నుంచి ఫోను రావడం ఇదే మొదటిసారి. ఇక రాదని కూడా ఆమెకు తెలుసు. వేళ్ళకు అంటిన పిండి కొంగుకు తుడుచుకుని అందుకుంది.

"నేను అపర్ణను మాట్లాడుతున్న," అంది. "పని సంగతి తర్వాత చెప్పండి సార్. ముందు ఆ లింకు సంగతి చెప్పండి."