ఇరవై రెండో గీత

"ఈసారి జర గట్టిగ చెప్పు," అన్నాడు ప్రేమ్‌రాజ్ షర్టు గుండీలు పెట్టుకుంటూ. "పోయినసారి నీ మాట ముందల కూసున్నోళ్లకే వినవడ్డది. లాంచీల ఇంజన్ లొల్లి ఉంటది."

నీలమ్మ పులిహోరకు నిమ్మకాయలు పిండుతోంది. ఒక చెక్కను కుడిచేత్తో పిండి, తొక్క పక్కన పడేసి, ఇంకో చెక్క అందుకుంటోంది. ఎడమచెయ్యి గిన్నె కదలకుండా ఆనించడానికే పనికొస్తుంది. నలభై మందికి పులిహోర. బస్సు ఐదున్నరకు ఉప్పుగూడ స్టేషన్ దగ్గరికి వస్తుంది.

"ఎక్కువేం జెప్పొద్దు. నేను కూసున్నంక లేచి, అవును నిజమే, దేవుడు మా ఇంటిని నిలబెట్టిండు, అను. గంతే."

"గంతే," అంది నీలమ్మ.

తొమ్మిదేళ్లుగా ఆమె అంటున్నది అంతే. వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. తన బతుకు ఎక్కడ చెడింది, దేవుడు ఎట్లా బాగుచేశాడు అన్నది తారీఖుతో సహా చెప్పాలి. మొగుడు చెబితే పెళ్లాం లేచి అవునని అనాలి. పెళ్లాం చెబితే మొగుడు లేవాలని కూడా ఉంది కాని, పెళ్లాలు చెప్పింది తక్కువ. ఏటా ఈస్టర్ తర్వాత అందరూ కలిసి ఎక్కడికైనా పోయి, అక్కడ సాక్ష్యాలు చెప్పుకుంటారు. ఈ ఏడు కృష్ణానది మీద లాంచీ మాట్లాడారు. సాగర్ నుంచి కొండల మధ్యకు పోయి మళ్లీ అదే గట్టుకు రావాలి. మూడు గంటలు.

ఈ ఏటి సాక్ష్యానికి ఇంకో పని కూడా ఉంది. వచ్చే ఆదివారం సంఘపెద్దను ఎన్నుకుంటారు. ప్రేమ్‌రాజ్ పేరు తప్ప ఇంకో పేరు లేదు. పెద్ద కాబోయేవాడి ఇల్లు సక్రమంగా ఉందని అతని భార్య అందరి ముందు చెప్పాలన్నది నియమం. ఇళ్లలో గొడవలు సంఘపెద్ద దగ్గరికే వస్తాయి. మొదటి గొడవ అప్పుడే కాచుకుని ఉంది. పక్క గల్లీ రూప కూతురు స్వీటీ, జహనుమాలో అత్తగారిల్లు వదిలి రెండు నెలలుగా తల్లి దగ్గర ఉంటోంది. మొగుడు డానియేలు తాగుతాడు, కొడతాడు. ప్రేమ్‌రాజ్ డానియేలుతో మాట్లాడాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి తాగనని ఒట్టు వేయించాడు. సోమవారం స్వీటీని పంపించాలని మాట అయిపోయింది.

"నీలక్కను చూడు," అని రూప కూతురికి రోజూ చెబుతోంది. "ఓపిక పట్టింది. ఆయన తాగుడు మానిండు, ఇయ్యాల ఇల్లు ఎట్లున్నది?"

ప్రేమ్‌రాజ్ జేబులోంచి ఇలాచీ తీసి నోట్లో వేసుకున్నాడు. నీలమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

లాంచీ ఎక్కేముందు అందరికీ లైఫ్‌జాకెట్లు ఇచ్చారు. ముందు రెండు పట్టీలు, వాటిని బిగించి కట్టుకోవాలి. నీలమ్మ ఒక పట్టీని కుడిచేత్తో లాగింది. రెండోది ఎడమచేతి వేళ్లలోంచి జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. స్వీటీ వచ్చి ఎదురుగా వంగి పట్టీలు కట్టసాగింది.

"పెద్దమ్మా, పిడికిలి పట్టు," అంది.

నీలమ్మ పట్టింది. చిటికెన వేలు, దాని పక్క వేలు సగంలో ఆగిపోయాయి.

"దేవుడు బాగుచేసిండని చెప్తడు గద పెదనాయిన?"

"ఎముక అతుక్కున్నది. నరం అతుక్కోలే."

స్వీటీ ముడి వేసింది. లేవలేదు. "ఒక మాట అడుగుత. పెదనాయిన తాగుడు మానేసినంక నిన్ను ఎన్నడన్న కొట్టిండా?"

గట్టు మీద రూప, "స్వీటీ, ఇటు రా, నీళ్ల డబ్బా పట్టు," అని కేకేసింది. స్వీటీ తల్లివైపు చూడలేదు. నీలమ్మ వైపే చూస్తోంది.

"మీ అమ్మ పిలుస్తుంది," అంది నీలమ్మ.

పది గంటలకు లాంచీ కదిలింది. కుర్చీలు వరుసలుగా వేసి ఉన్నాయి. ముందు ఒక స్పీకర్ పెట్టె, తీగ ఉన్న మైకు. సామ్యూల్ పాస్టర్ ప్రార్థన చేసి మైకు మొదటి వరుసకు ఇచ్చాడు. రిటైరైన పోస్ట్‌మన్ ఆనందరావు లేచి, అయిదేళ్ల కింద వరద వచ్చినప్పుడు ఇంట్లో నడుము దాకా నీళ్లు నిండితే తాను నెత్తి మీద టీవీ పెట్టుకుని గల్లీ దాటిన కథ చెప్పాడు. "దేవుడు నన్నూ కాపాడిండు, టీవీనీ కాపాడిండు. ముసల్ది మాత్రం ఎనుక మిగిలింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన భార్య లేచి, "అవును నిజమే. పక్కింటి ఖాజా భాయ్ రాకుంటే నేను గాడనే ఉందును," అని కూర్చుంది. దానికి ఇంకా నవ్వారు. ఆమె నవ్వలేదని నీలమ్మ గమనించింది.

మైకు వరుస మారింది. ఒకరికి కామెర్లు తగ్గాయి. ఒకరి కొడుకు నాలుగోసారి పరీక్ష రాసి పాసయ్యాడు. చర్చిలో అయితే నీలమ్మ ఈపాటికి లేచి, టీ చూస్తానని వెనక్కి పోయేది. ప్రేమ్‌రాజ్ సాక్ష్యంలో చెయ్యి సంగతి వచ్చేసరికి ఆమె ఎప్పుడూ గిన్నెల దగ్గర ఉండి, ఆయన కూర్చున్నాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ మాట అనేది. ఇక్కడ వెనక ఇంజను, మిగతా మూడు పక్కలా నీళ్లు. మూడు కుర్చీల అవతల స్వీటీ.

లాంచీ వెనక్కి తిరిగింది. గట్టు చేరడానికి గంట పైన పడుతుంది. మైకు ప్రేమ్‌రాజ్ చేతికి వచ్చింది. ఆయన సాక్ష్యాన్ని చివరికి పెట్టారు, ఎందుకంటే ఆయన బాగా చెబుతాడు. ఎక్కడ ఆగాలో తెలుసు. ఇలాచీ తొక్కను రుమాల్లోకి ఉమ్మి, మడిచి, జేబులో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"నేను మనిషిని గాదు. జీతం రోజు ఇంటికి పోయేటోన్ని గాదు. ఒకనాడు మస్తు తాగి వచ్చిన. కూరల కారం ఎక్కువైందన్న ఒక్క ముచ్చటకు, ఇగో గీ నీలమ్మ చెయ్యి ఇరగ్గొట్టిన."

పోయిన క్రిస్మస్‌కు కారం కాదు, ఉప్పు. అంతకు ముందు ఏడాది తలుపు తీయడం ఆలస్యమైంది. నీలమ్మ తప్ప ఈ తేడా ఎవరూ పట్టుకోలేదు. కథలో సాకు మారుతుంది, మందు మారదు. నలభై మంది తలలు తిప్పి ఆమె చేతిని చూశారు. ఆమె దాన్ని కొంగు కిందికి లాక్కోబోయి ఆగింది.

తొమ్మిదేళ్ల కింద జూన్ నాలుగున ఆయన తాగుడు మానేశాడు. అది నిజం. మరునాటి నుంచి రాత్రి అన్నాలయ్యాక నీలమ్మ చర్చి క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఒక గీత గీసేది. గీతలు పెరిగిన కొద్దీ ఆమెకు ఊపిరి ఆడింది. అది రంజాన్ నెల. శాలిబండలో ఆమె కుట్టే కార్ఖానాలో పండగ బట్టలు గుట్టలు పడి ఉన్నాయి. ఆదివారం కూడా రమ్మన్నారు. ఇరవై ఆరో తారీఖు ఆదివారం ఆమె చర్చి మానుకుని మిషన్ మీద కూర్చుంది. ప్రేమ్‌రాజ్ మొదటిసారి సాక్ష్యం చెప్పింది ఆ రోజే. చెప్పి, వెనక్కి తిరిగి చూస్తే అవునని నిలబడడానికి పెళ్లాం లేదు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఇంటికి వచ్చేసరికి ఇస్త్రీ బట్టల్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బైబిలు ఒళ్లో ఉంది. దాన్ని తీసి అల్మారాలో పెట్టి, అల్మారా మూసి వచ్చాడు. "నలుగుట్ల నన్ను ఒక్కన్ని చేసినవ్," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆమె ఎడమచెయ్యి పట్టి మెలితిప్పుతున్నప్పుడు ఆయన ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఊపిరిలో ఇలాచీ వాసన తప్ప ఏమీ లేదు. ఆస్పత్రిలో బాత్రూంలో పడ్డానని ఆమే చెప్పింది. ఆ రాత్రి కట్టుతో వచ్చి, కుడిచేత్తో ఇరవై రెండో గీత గీసింది. ఎందుకంటే ఆ రోజు కూడా ఆయన తాగలేదు. డిసెంబర్‌లో మళ్లీ సాక్ష్యం చెప్పినప్పుడు ఆయన ఆ చెయ్యి విరిగిన రోజును జూన్ నాలుగు కంటే వెనక్కి జరిపాడు. ఆమె లేచి అవును అంది. మిషన్ మీద గుడ్డను ముందుకు నడిపేది ఎడమచెయ్యి. అది పోయాక కార్ఖానాలో ఆమెను హుక్కులు కుట్టడానికి మార్చారు. ఆ తర్వాత ఆయన మళ్లీ చెయ్యి ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు. ఆయన ఇలాచీ నోట్లో వేసుకుంటే ఆమె గొంతు దానంతటదే తగ్గుతుంది.

"చుక్క ముట్టక తొమ్మిదేండ్లయింది," అంటున్నాడు ప్రేమ్‌రాజ్. "జూన్ నాలుగు, రెండువేల పదహారు. ఆ తారీఖు నాకు పానం పోయినా యాదికుంటది. దేవుడు నన్ను మార్చిండు, ఆ చెయ్యిని బాగుచేసిండు. మొగోడు ఖరాబైతే ఆడిది ఓపిక పట్టాలె. మందు పోతే మనిషి మిగుల్తడు. డానియేలు ఇక్కడ లేడు గని, వాడు ఒట్టు పెట్టుకున్నడు. సోమారం నేనే స్వీటీని తోల్కపోయి దిగబెడ్త."

స్తోత్రం, స్తోత్రం అన్నారు. రూప కళ్లు తుడుచుకుంది. స్వీటీ లైఫ్‌జాకెట్ పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది.

ప్రేమ్‌రాజ్ కూర్చుని మైకు నీలమ్మ ఒళ్లో పెట్టాడు. "గట్టిగ," అన్నాడు.

దూరంగా గట్టు సన్నగా కనబడుతోంది. ఇంకో అరగంట. తర్వాత బస్సులో నాలుగు గంటలు ఆయన పక్క సీటు. తర్వాత ఉప్పుగూడ గల్లీ, తలుపు, లోపలి గొళ్లెం. నీలమ్మ వీటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. చూసుకున్నాక లేచింది. లాంచీ ఊగితే ఎడమచేతిని ముందు కుర్చీ మీద ఆనించి, కుడిచేత్తో మైకు పట్టుకుంది.

"అవును నిజమే," అంది.

అందరూ ప్రార్థనకు తల వంచడం మొదలుపెట్టారు. ఆమె కూర్చోలేదు.

"తారీఖు నిజమే. జూన్ నాలుగున మానిండు. నా చెయ్యి ఇరిగింది జూన్ ఇరవై ఆరున. ఆదివారం. పెద్దాస్పత్రి చీటీ నా దగ్గరున్నది, ఎవరన్న సూడొచ్చు."

"ఏందే నీలా," అన్నాడు ప్రేమ్‌రాజ్ మెల్లగా. నవ్వుతూనే ఆమె కొంగు పట్టుకున్నాడు. "తారీఖులు కలిసిపోయినయి దీనికి. పెద్దదయింది."

సామ్యూల్ పాస్టర్ మైకు కోసం చెయ్యి చాపాడు. "కూర్చో తల్లీ. ఇంటి ముచ్చట తర్వాత మాట్లాడుకుందం."

ఆనందరావు భార్య తన కుర్చీలోంచి, "చెప్పనియ్యుండ్రి అయ్యగారూ," అంది.

నీలమ్మ కొంగును ఆయన చేతిలోనే వదిలేసి స్వీటీ వైపు తిరిగింది. పొద్దున లాంచీ ఎక్కేముందు ఆ పిల్ల అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి జవాబు మైకులో, ఇంజను చప్పుడు మీంచి, చివరి వరుస దాకా వినబడేట్టు చెప్పింది.

"ఆ దినం మీ పెదనాయిన తాగి లేడు, బిడ్డా."