ముయిట్లె నీళ్లు

దెల్ఫీనాకు ఒక్కటే భయం. తాను బిడ్డకు పట్టిస్తున్న, ఆకు కాచిన ఎర్రనీళ్లు ఉత్త నీళ్లేనేమోనని.

ఆ భయంతోనే కూలి షెడ్డులో ఆమె చేతులు ఆకు దూస్తున్నాయి. ఒంట్లో నెత్తురు పట్టాలని ఊరంతా కాచి తాగే ముయిట్లె మొక్క కొమ్మను ఎడమచేత పట్టి కుడిచేత్తో కిందికి లాగితే ఆకులన్నీ జల్లెడలో రాలతాయి. వాటిని నీడనే ఆరబెట్టాలి. ఎండ తగిలితే సత్తువ పోతుందట. ఇనుముకు పట్టినట్టే ఒంటికీ తుప్పు పడుతుందనీ, దాన్ని ఆపే ఆంటీఆక్సిడెంట్లు ఈ ఆకులో ఉన్నాయనీ ప్వెబ్లా నగరం నుంచి ఆకు కొనడానికి వచ్చినాయన చెప్పాడు. పెద్ద మాట ఎవరికీ నోరు తిరగలేదు. తుప్పు మాత్రం అందరికీ అర్థమైంది.

"తొమాసత్తా, పిల్ల చిగుళ్లలోంచి మళ్లీ నెత్తురొచ్చింది," అంది దెల్ఫీనా.

"ఇంకో గుప్పెడు ఎక్కువేసి కాచవే," అంది పక్కపీట మీది తొమాసా. "మా అమ్మ నన్ను ఆ నీళ్లతోనే పెంచింది. చూడు, గాడిదలా గట్టిగా ఉన్నాను."

"గాడిదకు నీ నోరుంటే సంతలో ఎవరూ కొనరు," అంది వెనకనుంచి ఒకామె. షెడ్డంతా నవ్వింది.

దెల్ఫీనా నవ్వబోయి ఆగిపోయింది. దూసి దూసి తన అరచేతులు ఊదారంగుకు తిరిగాయి. మూలన గోనెపట్టా మీద పడుకున్న కూతురు కాందేలారియా అరచేతులు మొక్కజొన్న పిండిలా తెల్లగా ఉన్నాయి. కాళ్ల మీద కొత్తగా కమిలిన మచ్చలు. గ్లాసు నోటి దగ్గర పెడితే పిల్ల మొహం తిప్పుకుంది.

"ఇంక చాలమ్మా. తాగీ తాగీ అలిసిపోయాను."

దెల్ఫీనా గ్లాసు దించేసి పిల్లను ఎత్తుకుంది.

"పని మధ్యలో ఎక్కడికే?"

"పట్నం ఆసుపత్రికత్తా."

తొమాసా జల్లెడ పక్కకు నెట్టింది. లేచి తన శాలువా పిల్లకు చుట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మచ్చలు చూసి, ఎప్పటినుంచని అడిగింది. మొక్కజొన్న నాటినప్పటినుంచి అంది దెల్ఫీనా. బయట పొలాల్లో కంకులు ముదిరిపోయాయి.

"ఇన్నాళ్లూ ఏం ఇచ్చావమ్మా?"

"ముయిట్లె."

"మంచి ఆకే," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఈ నెత్తురు జబ్బు దానికి లొంగేది కాదు."

పిల్లను పడుకోబెట్టిన మంచాన్ని లోపలికి తోసుకుపోయారు. పొద్దు వాలేసరికి కాందేలారియా వెళ్లిపోయింది. నర్సు వచ్చి శాలువా మడిచి చేతికిచ్చింది.

ఊరికి పోయే ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది. దెల్ఫీనా ఆసుపత్రి వరండాలోనే ఉంది. మీలో ఎవరైనా అటుగా వెళితే ఒకసారి చూసి పలకరించి రండి. పక్కన బెంచీ మీద పిల్ల కోసం సగం ఒలిచిన కమలాపండు ఉంది, ఎండిపోకుండా తొక్క మళ్లీ దగ్గరికి మూసి.