నాలుగో సెకను

కొత్త వంతెన ఎంత ఊగుతుందో లెక్క కట్టింది చిన్న ఇంజనీరు దేశాంకే. ఎంతమంది గెంతినా, వాళ్లు ఆగిన నాలుగు సెకన్లలో ఊపు చచ్చిపోతుందని కంప్యూటరు చూపించింది, ఆమె సంతకం పెట్టేసింది. ఈ ఉదయం మనసు ఊరుకోక, కాలాన్ని ఇంకా సన్నటి ముక్కలుగా కోసి అదే లెక్క మళ్లీ వేసింది. ఈసారి ఊపు చావలేదు.

ఆమె నది ఒడ్డుకు పరుగెత్తేసరికే బాకాలు మోగుతున్నాయి. ఊరంతా వంతెన మీద చేతులు పట్టుకుని, ఒకే అడుగుతో గెంతుతూ కోలో నాట్యం ఆడుతోంది. మొదటిరోజు వంతెన కట్టినవాడు దాని కిందే నిలబడాలన్నది ఆ ఊరి ఆనవాయితీ కదా, పెద్ద ఇంజనీరు తిహోమిర్ కొత్త సూటులో అక్కడే ఉన్నాడు.

"సార్, జనాన్ని దింపెయ్యండి! ఊపును మింగింది వంతెన కాదు, మన లెక్క! కాలాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా కోశాం, మధ్యలో ఊపంతా లెక్కలోనే ఇంకిపోయింది."

"పిచ్చెక్కిందా అమ్మాయ్? ముప్పయ్యేళ్లుగా నాది ఇదే పద్ధతి. పండగపూట ఏం మాటలవి?"

"నన్ను నమ్మకండి. పాట ఆగింది, చెయ్యి పెట్టి చూడండి."

తిహోమిర్ నవ్వుతూ వంతెన ఉక్కు కాలి మీద అరచెయ్యి ఆనించాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు," దేశాంక సెకన్లు లెక్కపెట్టింది.

నవ్వు ఆగిపోయింది. ఉక్కు వణుకు ఆగలేదు.

"దిగండర్రా! దిగండి!" అని గొంతు చించుకున్నాడు. పైనుంచి ఎవరో సంబరంగా రుమాలు ఊపారు. బాకాలు ఇంకా జోరైన పాట ఎత్తుకున్నాయి.

"నువ్వు పైకి పరుగెత్తు," అన్నాడు తిహోమిర్.

"మీరూ బయటికి రండి సార్!"

అతను కోటు గుండీ పెట్టుకుని, కట్టినవాడిగా తన వంతెన కిందే నిలబడ్డాడు.