చేతి బరువు

ఎడమ చెంప గీయడం అయిపోయి, కుడి చెంప మీద నురగ రాసుకుంటుండగా గడ్డం కింద ఎర్రటి చుక్క లేచింది. అతను అద్దానికి దగ్గరగా వంగి చూశాడు. చుక్క సాగి గీత అయింది. గీత నురగలోకి పాకి గులాబీ రంగుకు తిరిగింది. నొప్పి మాత్రం లేదు. అతనికి ఒళ్లు మండేది అందుకే. పాత బ్లేడు కోసేముందు చెప్పేది. పీకేది, గీరేది, బరబరమనేది. ఈ కొత్తది ఉలకదు, పలకదు. కోసేసి ఊరుకుంటుంది.

ఈ కొత్త బ్లేడు పట్టి ఇవాళ్టికి ఆరో రోజు. ఆరు రోజుల్లో ఇది ఎనిమిదో గాటు.

"మళ్లీ నా తువ్వాలేనా?" వెనకనుంచి భార్య అంది. "ఆసుపత్రిలో ఊరందరి నెత్తురూ చాలక ఇంటికి కూడా తెస్తున్నావు. ఉతకలేక చస్తున్నాను."

"నా తువ్వాలు తడిగా ఉంది."

"తడిదైతే తుడవదా? మొహం చూడు, పిల్లి గీరినట్టుంది. ముప్ఫయ్యేళ్లుగా జనాన్ని గొరుగుతున్నావు. నీ గడ్డం నీకు గీసుకోవడం రాదు."

అతను పటిక ముక్క తడిపి గాటు మీద రుద్దాడు. కళ్లలో నీళ్లు తిరిగేంత మంట పుట్టింది. ఆ మంటే కాస్త నయమనిపించింది. కనీసం అది తనకు తెలిసిన మంట.

పెద్దాసుపత్రిలో ఆపరేషనుకు వెళ్లే రోగుల ఒళ్లు గీయడం అతని పని. పొట్ట కోయాలంటే పొట్ట, మోకాలు కోయాలంటే కాలు, తల తెరవాలంటే తల. చేరింది స్ట్రెచర్లు తోసే పనికి. అప్పట్లో గీసే మనిషి ఒకరోజు రాకపోతే ఎవరో అతని చేతిలో రేజరు పెట్టారు. ఆ మనిషి మళ్లీ రాలేదు, రేజరు మళ్లీ చేతిలోంచి దిగలేదు. కూతురు అత్తవారింట్లో తండ్రి టెక్నీషియనని చెప్పుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు అతను కిక్కురుమనలేదు కానీ ఆ తర్వాత రెండేళ్లు వాళ్ల గడప తొక్కలేదు.

ఆసుపత్రిలో అందరూ అతన్ని బ్లేడు బాబాయ్ అంటారు. మాటలతో ప్రాణం తీసేవాణ్ణి బ్లేడు అనడం లోకంలో ఉన్నదే. ఇతను రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. పేరు విని భయపడ్డ కొత్త నర్సులు వారం తిరిగేసరికి, "ఏం బ్లేడండీ, నోట్లో నాలుకే లేదు," అని నవ్వుకునేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు.

బ్లేడ్లు ఇచ్చే కిటికీ వెనక ఇరవై రెండేళ్లు ఒకే స్టోర్ కీపర్ కూర్చున్నాడు. కొత్త బ్లేడు కావాలంటే పాతది చూపించాలి. ఆయన దాన్ని ట్యూబులైటు వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, బొటనవేలి గోరు మీద ఆనించి, వెనక్కి తోసేవాడు. "ఇంకా నాలుగు పొట్టలు వస్తాయి. వెళ్లు." కొత్తగా ఇచ్చినవి కూడా అంతంతమాత్రమే, రేకు ముక్కల్లాంటివి. వాటితో వెంట్రుక తెగాలంటే భుజం నుంచి బరువు దింపాలి. అలా బరువు దింపీ దింపీ అతని చెయ్యి రాయి అయింది. రోగులు పళ్లు బిగబట్టి, కసాయి అనేవాళ్లు. ఆ తిట్లన్నీ కిటికీకి వెళ్లాల్సినవి. దారిలో తనున్నాడు కాబట్టి తనకు తగిలాయి.

ఒకసారి బ్లేడ్లు ఇంటికి పట్టుకుపోతున్నాడని ఆయనకు అనుమానం వచ్చింది. అందరూ చూస్తుండగా అతని సంచి తీసుకుని బోర్లించాడు. డబ్బా మూత ఊడి మధ్యాహ్నం తిండంతా నేల పాలైంది. ఒక్క బ్లేడూ దొరకలేదు. "సరే, తీసుకో," అన్నాడు స్టోర్ కీపర్. అంతే. అతను మోకాళ్ల మీద కూర్చుని నేల మీది మెతుకులు ఎత్తాడు.

ఆయన రిటైరై ఎనిమిదేళ్లు. తర్వాత వచ్చినవాళ్లు అవే రేకులు తెప్పించారు. ఈమధ్య చేరిన అమ్మాయి మాత్రం మొదటి వారంలోనే ఈ కొత్తవి తెప్పించింది. పాతది చూపించనక్కర్లేదు, రోగికొకటి చొప్పున తీసుకెళ్లమంది. ముప్ఫయ్యేళ్లు అతను కోరుకున్నది అదే. తీరా అది వచ్చేసరికి అతని చెయ్యి దానికి పనికి రాకుండా పోయింది. చెయ్యి కుదరాలని ఆ అమ్మాయినడిగి ఒకటి ఇంటికీ తెచ్చుకున్నాడు.

వార్డులోకి అడుగు పెట్టగానే హెడ్ నర్సు పట్టుకుంది.

"నిన్న ముగ్గురు, బాబాయ్. ఒకాయన పొట్ట మీద కుట్లకంటే ముందు నీ గీతలే కనిపించాయట. డాక్టరుగారు నా మీద పడ్డారు."

"కొత్త బ్లేడు సిస్టర్. చెయ్యి కుదరాలి."

"నీ చెయ్యి కుదిరేదాకా జనం తోలు అరువివ్వాలా? ఇంకొక్క గీత కనబడితే నువ్వు లాండ్రీకి. మిషన్లు వస్తున్నాయి, ఎవరైనా తిప్పుతారు."

"మిషను మొదలంటా తియ్యదు సిస్టర్."

"కొయ్యదుగా. అది చాలు. తొమ్మిదో మంచం చూడు. పొట్ట, ఛాతీ, గడ్డం కూడా. నోట్లో గొట్టం పెట్టి ప్లాస్టరు వేస్తారు. ఎనిమిదిన్నరకి స్ట్రెచరు వస్తుంది."

గిన్నెలో వేడినీళ్లు, బ్రష్షు, సబ్బు పట్టుకుని తొమ్మిదో మంచం చుట్టూ తెర లాగాడు. మంచం మీది మనిషి ఉబ్బిన పొట్టా పీక్కుపోయిన మొహంతో ఉన్నాడు. అతను గుర్తు పట్టలేదు. ఆ మనిషే ముందు గుర్తు పట్టాడు.

"నువ్వా! ఈ ఆసుపత్రిలో ఇంకెవరూ లేరా?"

గొంతు వినగానే అతనికి స్టోర్స్ కిటికీ గుర్తొచ్చింది. అదే గొంతు. ఇంకా నాలుగు పొట్టలు వస్తాయి.

"లేరు."

"సిస్టర్ని పిలువు."

"పిలుస్తాను. ఆవిడ ఇంకొకరిని వెతికేసరికి మీ వంతు దాటిపోతుంది. మళ్లీ వచ్చే వారమే."

పాత స్టోర్ కీపర్ పైకప్పు వంక చూశాడు. "కసి తీర్చుకోడానికి బాగానే దొరికాను నీకు."

"కసి తీర్చుకోవాలంటే మీరిచ్చిన బ్లేడు తెచ్చేవాణ్ణి."

అతను కాగితం విప్పి కొత్త బ్లేడు రేజరులో బిగించాడు. ఛాతీ ఎలాగో గట్టెక్కింది. పొట్ట మీద చర్మం డోలులా బిగిసి ఉంది. బొడ్డు దగ్గర మాత్రం చిన్న మడత. ఆ మడత దగ్గర ముప్ఫయ్యేళ్ల అలవాటు భుజం నుంచి దిగింది. నురగలో ఎర్రటి గీత తేలింది.

స్టోర్ కీపర్ తల ఎత్తి చూసుకున్నాడు. "కోశావు."

అతను అరుపు కోసం ఎదురు చూశాడు. తెర అవతల హెడ్ నర్సు చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. స్టోర్ కీపర్ చెయ్యి చాచి, ట్రేలోంచి దూది తీసుకుని తానే అదిమిపెట్టుకున్నాడు.

"అరవనులే. అరిస్తే ఆవిడొచ్చి ఇవాళ్టికి వద్దంటుంది. ఇంకో వారం ఇక్కడ పడి ఉండాలి. మళ్లీ నువ్వే వస్తావు." కొంచెం ఊపిరి తీసుకుని, "నొక్కుతున్నావు," అన్నాడు.

"నొక్కకపోతే తెగేవి కాదు, మీ బ్లేడ్లు."

"ఇవి నావి కావుగా. తెలిసీ ఎందుకు నొక్కుతున్నావు?"

"చెయ్యి వినడం లేదు." అతను ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఈయనతో అన్నందుకు తన నోటినే తిట్టుకున్నాడు.

"పిడి చివర పట్టుకో. రెండు వేళ్లు చాలు. దాని బరువే దానికి ఎక్కువ. రెండో చేత్తో చర్మం లాగు. నువ్వు చెయ్యాల్సింది అంతే."

"మీకెలా తెలుసు?"

"ఇంట్లో నేను వాడింది ఇవేగా. ముప్ఫయ్యేళ్లనుంచీ."

ఆయన ఆ మాట గొప్పకు అనలేదు, సిగ్గుపడుతూ అనలేదు. వాన వస్తోందన్నట్టు అన్నాడు.

అతని చెవుల్లో హోరు పుట్టింది. మోకాళ్ల కింద చల్లటి నేల, ఊడిన డబ్బా మూత, నొప్పికి గుప్పిళ్లు బిగించిన ఆడవాళ్లు, కసాయి, కసాయి. ఆ ఇరవై రెండేళ్లూ ఈ మనిషి పొద్దున్నే ఇంట్లో నున్నగా గీసుకుని వచ్చి ఆ కిటికీ వెనక కూర్చున్నాడు. ఆ నున్నటి గడ్డం రోజూ చూశాడు తను. ఎన్నడూ ఆలోచించలేదు.

స్టోర్ కీపర్ కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తాడు. మెడ బయటపడింది. ముడతల మధ్య నరం టకటకా కొట్టుకుంటోంది.

అతను ఆ మెడ మీద నురగ రాశాడు. రేజరు తీసుకున్నాడు. గుప్పిట్లో పట్టుకుంటే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. తన చెయ్యంటే తనకే భయం వేసి, పిడి చివర రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లలో కోపానికి చోటు లేదు. ఎడమచేత్తో చర్మం బిగించి లాగాడు. రేజరు దానంతట అది జారింది. సన్నటి చప్పుడు, పలచటి కాగితం మడిచినట్టు. వెనకే తెల్లగా, శుభ్రంగా చర్మం. ఊపిరి బిగబట్టి మళ్లీ గీశాడు. గొంతు ముడి దాటాడు. దవడ వంపు తిరిగాడు. పై పెదవి, చెవి పక్కన గుంట. బరువు దింపాలని భుజం పదిసార్లు లేచింది, పదిసార్లూ దాన్ని కూర్చోబెట్టాడు. మొండితనంతో గీశాడు. ఈ మనిషి చేత వంక పెట్టించుకోకూడదన్న పంతం తప్ప ఆ చేతిలో దయ ఇసుమంతైనా లేదు.

చెంపల మీద ఒక్క చుక్క లేవలేదు.

స్టోర్ కీపర్ అరచెయ్యి మొహం మీద పోనిచ్చుకున్నాడు. "అయిందా? తెలియనే లేదే."

ఇంకేమైనా అంటాడేమోనని అతను నిలబడ్డాడు. ఈలోగా స్ట్రెచరు వచ్చింది. తెర బయటనుంచి హెడ్ నర్సు, "పద్నాలుగో మంచం, కాలు, తొందరగా," అంది. అతను గిన్నె మంచం పక్క కిటికీ అరుగు మీద పెట్టి, అక్కడున్న ఇంకో గిన్నె అందుకుని పరుగెత్తాడు.

ఆ ఉదయం మరో నలుగురిని గీశాడు. ఒక కాలు, ఒక వీపు, రెండు పొట్టలు. ఎక్కడా గాటు పడలేదు. నాలుగో మనిషి నిద్రపోయాడు. గీస్తుండగా రోగి నిద్రపోవడం అతను ముప్ఫయ్యేళ్లలో చూడలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పదగ్గ మనిషి ఒక్కరూ తట్టలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి హెడ్ నర్సు పిలిచింది.

"తొమ్మిదో మంచానికి బొడ్డు పక్కన గాటు. నువ్వే కదా? మత్తు ఇచ్చేముందు పెద్దాయనే డాక్టరుగారికి చెప్పాడట. రేపట్నించి లాండ్రీకి వెళ్లు."

"తర్వాత నలుగురిని గీశాను సిస్టర్. వెళ్లి చూడండి."

"నేను చూడక్కర్లేదు. చెప్పాల్సింది చెప్పాను."

వెనక మెట్ల మీద థియేటరు అటెండరు టీ తాగుతున్నాడు. అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అరవనన్నాడు. నాతో అరవనని చెప్పి వెళ్లి డాక్టరుతో చెప్పాడు. ఆ తొమ్మిదో మంచం ముసలాడు అంత తేలిగ్గా చావడు. ఊరందర్నీ చంపి గానీ చావడు."

అటెండరు గ్లాసు కింద పెట్టాడు. "పోయాడుగా బాబాయ్. పదకొండింటికి. పొట్ట తెరిచాక గుండె ఆగింది. నీకు తెలీదా?"

మెట్ల కింద ఎవరో బక్కెట్లు కడుగుతున్నారు. ఆ నీళ్లు వచ్చి అతని చెప్పులు తడిపాయి. అతను కాళ్లు తీయలేదు.

"గొట్టం పెట్టినప్పుడు మత్తు డాక్టరు అన్నాడు," అటెండరు మళ్లీ అందుకున్నాడు. "ప్లాస్టరు ఇంత బాగా అంటుకోవడం ఈమధ్య చూళ్లేదట. అంత నున్నగా ఉంది గడ్డం."

"ఆయన విన్నాడా?"

"ఎలా వింటాడు? మత్తులో ఉన్నాడు."

అతను లేచాడు. అనాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. సంచి సంగతి ఉంది, డబ్బా సంగతి ఉంది, ఇంట్లో వాడిన బ్లేడ్ల సంగతి ఉంది. పొద్దున తెర వెనక అనగలిగేవాడే. గడ్డం మీద మనసు పెట్టి అనలేదు.

డ్యూటీ దిగేముందు రేజరు విప్పి కడిగి తుడిచాడు. మిగిలిన బ్లేడ్లు తీసుకెళ్లి స్టోర్స్ కిటికీలో పెట్టాడు.

"ఇవి బాగోలేవా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"బాగున్నాయమ్మా," అన్నాడు. "చాలా బాగున్నాయి."

వార్డు దాటుతూ తొమ్మిదో మంచం దగ్గర ఆగాడు. దుప్పటి తీసేశారు. పరుపు మీద మందునీళ్లు చల్లారు, ఇంకా ఆరలేదు. పొద్దున వదిలిన గిన్నె కిటికీ అరుగు మీదే ఉంది. కడగాలని చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, ఉన్నచోటే పెట్టేసి గేటు వైపు నడిచాడు.

గిన్నెలో నీళ్లు చల్లబడి సబ్బు అడుక్కు దిగింది. అంచు చుట్టూ నురగ ఎండి పెచ్చుకట్టింది. ఆ పెచ్చులో ఆవగింజంత తెల్లటి వెంట్రుకలు వందల కొద్దీ, ఒక్కటీ నలగకుండా, మొదలంటా తెగి ఉన్నాయి.